ఎర్త్ గుంతకు రెండు బిందెలు

భరత్‌కుమార్ మొదటిసారి ఆ గదిలోకి అడుగు పెట్టినప్పుడు ఒక అమ్మాయి చీపురుపుల్లతో కంప్యూటర్ బటన్ నొక్కుతోంది.

"అది కరవదు మేడం," అన్నాడు.

"కరుస్తాదప్పా. ముట్టుకుంటే చుర్రుమంటాది. అందుకే పుల్ల," అందామె వెనక్కి తిరక్కుండానే. "పది గంటలకు వస్తానని చెప్పి పన్నెండుకు వస్తివి. ముందు ఆ బూట్లు బయట విడిచిపెట్టు."

అతను బూట్లు విప్పి, సాక్సులతో లోపలికి వచ్చి, కంప్యూటర్ కేబినెట్ మీద అరచెయ్యి ఆనించాడు. ఏమీ కాలేదు.

"చూడండి. మీరు ఊరికే భయపడతాండారు."

ఆమె అతని చేతి వైపు ఒకసారి, మొహం వైపు ఒకసారి చూసింది. ఆ చూపుకు అర్థమేమిటో తెలుసుకోవడానికి అతనికి రెండు వారాలు పట్టింది.

అది 2003 ఆగస్టు. రాప్తాడు దాటాక హైవే నుంచి కిలోమీటరు లోపల, మెట్టసేద్యం మీద పరిశోధన చేసే చిన్న కేంద్రం. ఆ అమ్మాయి పేరు సుంకమ్మ. కంబదూరులో వేరుశనగ రైతు కూతురు. ఎలక్ట్రానిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి ఆ కేంద్రంలో ప్రాజెక్ట్ అసిస్టెంటుగా చేరి ఏడాదైంది. భరత్‌కుమార్‌ది అనంతపురం. వాళ్ళ నాన్నకు పాతూరులో బట్టలంగడి ఉంది. మూర వేసి గుడ్డ చించడం ఇష్టంలేక అతను కమలానగర్‌లో కంప్యూటర్ రిపేరు షాపు పెట్టుకున్నాడు.

ఆ గదిలో ఉన్నది ఏడేళ్ల నాటి పెంటియం కంప్యూటర్. దాని కడుపులో ఒక డేటా అక్విజిషన్ కార్డు. బయట చేలో అడుగు లోతున, రెండడుగుల లోతున పాతిపెట్టిన సెన్సార్లు నేలలో తడి ఎంతుందో చూసి, ఆ సమాచారాన్ని చిన్న చిన్న వోల్టేజీలుగా వైర్లలో పంపుతాయి. కార్డు వాటిని అంకెలుగా మార్చి తెర మీద చూపిస్తుంది. ఇప్పుడు కార్డు ఉందన్న సంగతే కంప్యూటర్‌కు తెలియడం లేదు.

భరత్ మూత విప్పి, లోపల టార్చి కొట్టి, అరగంటలో దొంగను పట్టుకున్నాడు. అంతకు ముందున్న అసిస్టెంటు ఎవరో పాటలు వినడానికి ఒక సౌండ్ కార్డు బిగించి పోయాడు.

"బస్సులో ఒకే సీటుకు ఇద్దరు టవల్ వేస్తే ఏమైతాది మేడం? కొట్లాట అయితాది. అట్లనే కంప్యూటర్‌లో ప్రతి కార్డుకూ ఒక నంబరుంటాది. దాన్ని ఇంటరప్ట్ అంటారు. అంటే ఏమంటే..."

"నేను ఎమ్మెస్సీ ఎలక్ట్రానిక్స్ అప్పా," అంది సుంకమ్మ. "రెండూ ఐదో నంబరు మీద కూర్చున్నాయని మొన్ననే రాసి పెట్టినా. మూత విప్పితే వారంటీ పోతాదని మా సారు విప్పనీలేదు. ఏడేండ్ల మిషన్‌కు వారంటీ యాడుంటాదో ఆయనకే తెలియాల."

టేబుల్ మీది నోట్‌బుక్‌లో ఆ మాట నిజంగానే రాసి ఉంది. చెవులు వేడెక్కగా భరత్ సౌండ్ కార్డు పీకేశాడు. తెర మీద అంకెలు వచ్చాయి.

రెండు రోజుల తర్వాత షాపుకు ఫోన్ వచ్చింది.

"ఏమప్పా, మా కంప్యూటర్‌లో వాన పడతాంది."

"వానా?"

"రెండడుగుల లోతున నేలంతా నానిపోయిందని చూపిస్తాండాది. కిటికీలోంచి చూస్తే దుమ్ము లేస్తాంది. వచ్చి చూడు."

అతను పాతిక నిమిషాల్లో స్కూటర్ మీద చేరాడు. తీరా వెళ్ళేసరికి అంకెలు బుద్ధిగా కూర్చున్నాయి. గంటసేపు చూశాడు. ఒక్కటీ కదల్లేదు.

"బాగానే ఉండాది కదా," అన్నాడు.

"నువ్వొస్తే బాగుంటాది. నువ్వు పోతే చెడిపోతాది."

"అట్లయితే నన్ను ఈడనే కట్టేసుకోండి."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ దాని సంగతి అతనికి తెలియలేదు. సుంకమ్మ నోట్‌బుక్ తెరిచి టైమ్ రాసుకుంది. ఆమె పెదవి కొసన ఏదో కదిలినట్టనిపించింది గానీ అది నవ్వో చిరాకో చెప్పడం కష్టం.

తర్వాతి పది రోజులు ఇద్దరికీ నరకమే. మొదటి వారం పొద్దున పూట వాన పడేది. పొద్దున్నే వస్తే చూడొచ్చని అతను ఎనిమిదికల్లా వస్తే, ఆ వారం నుంచి మధ్యాహ్నం పడటం మొదలుపెట్టింది. అతను కేబుల్ మార్చాడు. పవర్ సప్లై మార్చాడు. కార్డు తీసి రబ్బరుతో దాని కాళ్ళు తుడిచి వేరే స్లాట్‌లో పెట్టాడు. విండోస్ మొత్తం చెరిపి మళ్ళీ ఎక్కించాడు. ఎక్కిస్తుంటే తొంభై శాతం దగ్గర కరెంటు పోయింది. మళ్ళీ ఎక్కించాడు.

"సెన్సార్లే చెడిపోయినాయి," అన్నాడు చివరికి.

సుంకమ్మ ఒక సెన్సార్‌ను తవ్వి తెచ్చింది. దాన్ని విడిగా మీటరుకు తగిలించి పొడి మట్టిలో గుచ్చింది, తర్వాత గ్లాసెడు నీళ్ళలో ముంచింది. రెండుసార్లూ మీటరు ముల్లు ఎక్కడుండాలో అక్కడే నిలబడింది.

"సెన్సార్‌ది తప్పు కాదు. కార్డుదే."

"కార్డు నేను నాలుగు సార్లు చూసినా మేడం."

"నాలుగు సార్లు చూసినావు గానీ ఒక్కసారి గూడా బాగు చేయలేదు కదప్పా."

అతను స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని చెప్పకుండా వెళ్ళిపోయాడు. హైవే ఎక్కేదాకా కోపం. రాప్తాడు దాటేసరికి, ఆమె తన కోసం తెప్పించిన టీ తాగకుండా వచ్చేశానని గుర్తొచ్చి, తన మీద తనకే విసుగు పుట్టింది.

అసలు కష్టం ఆ గదిలో లేదు, చేలో ఉంది. కేంద్రం పక్కనున్న ఎకరా దాసప్పది. ప్రయోగానికి తన పంటనే ఇచ్చాడు. జూలైలో ఒక వాన పడితే వేరుశనగ వేశాడు. అదే వానకు కుంటలో కొన్ని నీళ్ళు చేరాయి. ఒక్క తడికి సరిపోతాయి, అంతే. ఆ ఒక్క తడి ఏ రోజు ఇవ్వాలో సెన్సార్లు చెప్పాలి. తొందరపడి ఇస్తే వృథా, ఆలస్యమైతే పంటే ఉండదు.

దాసప్ప రోజూ కిటికీ దగ్గరికి వచ్చి నిలబడేవాడు.

"ఏమంటాంది పాపా మీ మిషను?"

"తడి ఉండాదంటాంది మామా."

"నా చేను వాడిపోతాంది పాపా. ఆకులు మధ్యాన్నానికి ముడుచుకుంటాండాయి. ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే టైము. నీళ్ళు వదులుదునా?"

సుంకమ్మ వెళ్ళి తన పైఅధికారి గంగాధరప్పను అడిగింది. ఆయన మంచివాడే గానీ కాగితం మీదున్నది తప్ప నమ్మడు. "రీడింగ్ తడి చూపిస్తుంటే నీళ్ళెలా వదులుతాం అమ్మా? ఇరవై తొమ్మిదిన కమిటీ వస్తుంది. డేటాకు విరుద్ధంగా చేశామంటే ప్రాజెక్ట్ మూసేస్తారు," అన్నాడు. ప్రాజెక్ట్ మూస్తే ఆమె ఉద్యోగం కూడా మూసినట్టే.

ఇరవై ఒకటిన ఆమె షాపుకు ఫోన్ చేసింది. భరత్ అప్పటికి బెంగళూరులో విచారించి ఉన్నాడు.

"కొత్త కార్డు తెప్పించాల్సిందే మేడం. ఇది పాతకాలం స్లాట్. ఆ రకం కార్డు దొరికేసరికి నెల పడతాది."

అవతల నోట్‌బుక్ మూసిన చప్పుడు వినిపించింది.

"దాసప్ప మామ చేను నెల ఆగదప్పా. నాలుగు దినాలు గూడా ఆగదు. మీరు మిషన్లు బాగు చేసేటోళ్ళు, మీకు నెలంటే ఒక మాట. మా నాయనా అట్లే ఆకాశం తట్టు చూస్తా కూర్చోని రెండేండ్లు పంట పోగొట్టుకున్నాడు. నువ్వు రావద్దులే. నేనే చూసుకుంటా."

ఫోన్ పెట్టేసిన చప్పుడు అతని చెవిలో చాలాసేపు ఉంది. షాపులో మూడు మానిటర్లు రిపేరుకు ఎదురుచూస్తున్నాయి. షట్టర్ సగం దించి స్కూటర్ తీశాడు.

అతన్ని చూసి సుంకమ్మ, "రావద్దని చెప్తి కదా," అంది.

"చెప్పినారు. ఈ రోజు నేనేం విప్పను. సాయంత్రం దాకా కూర్చోని మీరు చెప్పేది వింటా. మొదటి నుంచి చెప్పండి."

ఆమె కళ్ళ కింద ఎరుపుంది. ఏడ్చిందో, రాత్రి నిద్ర లేదో అతను అడగలేదు. నోట్‌బుక్ ముందుకు జరిపింది. పది రోజుల లెక్క అందులో ఉంది. ఏ రోజు ఎన్ని గంటలకు అంకెలు పిచ్చెక్కాయి, ఎన్ని గంటలకు దిగాయి, అంతా గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది.

ఇద్దరూ ఒకే నోట్‌బుక్ మీదికి వంగారు. ఆమె జడలో కనకాంబరాలున్నాయి. అతను అంకెల మీద దృష్టి పెట్టడానికి కొంత కష్టపడ్డాడు.

"మొదటి వారం ఆరు నుంచి పదకొండు," అని చదివాడు. "రెండో వారం పదకొండున్నర నుంచి సాయంత్రం దాకా. సోమవారం మారింది. కంప్యూటర్‌కు సోమవారం అని ఎట్లా తెలుస్తాది?"

సుంకమ్మ పెన్ను ఆపింది.

"సోమవారం మారేది ఇంకొకటి ఉండాది," అంది నెమ్మదిగా. "మోటార్లకిచ్చే త్రీఫేజు కరెంటు. మా నాయన ఒక వారం తెల్లారుజామున మోటారు దగ్గరికి పోతాడు, ఇంకో వారం మధ్యాన్నం పోతాడు. లైన్‌మన్ చెప్పినట్ల."

ఇద్దరూ గోడ గడియారం వైపు చూశారు. పదకొండు ఇరవై ఐదు. పదకొండున్నరకు ఎక్కడో దూరంగా ఒక బోరు మోటారు గుర్రుమంది, దాని వెనకే ఇంకొకటి. తెర మీద రెండడుగుల లోతున వాన మొదలైంది.

భరత్ సంచిలోంచి మల్టీమీటర్ తీశాడు. గోడ సాకెట్‌లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య దాని ముళ్ళు రెండూ పెట్టాడు. అక్కడ ఒకటి రెండు వోల్టులకు మించి ఉండకూడదు. మీటరు ముప్పై ఎనిమిది చూపించింది.

అతను ఆ అంకె వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వంగి సాక్సులు విప్పేశాడు. వట్టి కాళ్ళతో గచ్చు మీద నిలబడి కేబినెట్ ముట్టుకున్నాడు.

చుర్రుమంది.

"మీరు మొదటి దినమే చెప్పినారు," అన్నాడు చెయ్యి విదిలించుకుంటూ. "పుల్లతో నొక్కుతా చెప్పినారు. నేను సాక్సులేసుకోని మీకు ధైర్యం చెప్తి. రెండు వారాలు కార్డును తిట్టినా, సెన్సార్లను తిట్టినా. తప్పు నాది మేడం. వినలేదు."

సుంకమ్మ దగ్గర చాలా మాటలు సిద్ధంగా ఉన్నాయి. పది రోజులుగా కూడబెట్టినవి. కానీ తప్పు ఒప్పుకుని, వట్టి కాళ్ళతో నిలబడ్డ మనిషిని చూసి వాటిని పక్కన పెట్టింది.

"సాక్సులు నాకెప్పుడూ అలవాటు లేకపోవడం మంచిదైంది," అని మాత్రం అంది. "ఎర్త్ యాడుందో చూద్దాం పద."

గది వెనక గోడవారన సిమెంటు పలక కింద ఎర్త్ గుంత ఉంది. లోపల పాతిన గొట్టం చుట్టూ మట్టి తడిగా ఉంటేనే ఎక్కువైన కరెంటు నేలలోకి పోతుంది. రెండేళ్ళుగా వాన సరిగా లేదు, దానికి నీళ్ళు పోయాలని ఎవరికీ గుర్తులేదు. పలక ఎత్తితే గుంత నిండా బీటలు. గొట్టం చుట్టూ వేలు దూరేంత సందు. చుట్టుపక్కల మోటార్లు ఆడినప్పుడల్లా ఆ కరెంటు దిగేందుకు దారి లేక, సెన్సార్ల చిన్న వోల్టేజీల మీద ఎక్కి కూర్చుంటోంది.

భరత్ రాప్తాడు వెళ్ళి రాళ్ళ ఉప్పు, ఇస్త్రీ బండివాడి దగ్గర బొగ్గు తెచ్చాడు. అతను వచ్చేసరికి సుంకమ్మ గడ్డపారతో గుంతను గుల్ల చేసి ఉంది. కుంటలోంచి రెండు బిందెల నీళ్ళు తెస్తుంటే దాసప్ప ఎదురొచ్చాడు.

"యాడికి పాపా ఆ నీళ్ళు?"

"కంప్యూటర్‌కు మామా."

దాసప్ప బిందెను, వాళ్ళిద్దరి మసి చేతులను చూశాడు. "నా చేనికి ఇయ్యరు. కంప్యూటర్‌కు తాపుతారా? చదువుకున్నోళ్ళకు ఏమైందప్పా?"

"ఇది తాగితేనే అది నిజం చెప్తాది మామా. ఒక్క గంట ఓపిక పట్టు," అంది సుంకమ్మ. ఆ గొంతులోని అలసట విని ఆయన బిందె ఒకటి తనే అందుకుని మోశాడు.

ఉప్పు, బొగ్గు, మట్టి పొరలుగా వేసి నీళ్ళు పోశారు. బీటలు గుటగుటమని తాగాయి. గంట తర్వాత మీటరులో రెండు వోల్టులు. బయట మోటార్లు ఆడుతూనే ఉన్నాయి. తెర మీద వాన వెలిసింది. రెండడుగుల లోతున ఉన్న అంకె దిగి, దిగి, ఎర్ర గీత కిందికి పోయి నిలబడింది. నేల ఎండిపోయింది. దాసప్ప చెప్పిందే నిజం.

సుంకమ్మ ఆ కాగితం ప్రింటు తీసి గంగాధరప్ప టేబుల్ మీద పెట్టింది. ఆయన రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు. ఆ సాయంత్రమే కుంట నీళ్ళు చేలోకి పారాయి. గట్టు మీద నిలబడి దాసప్ప కళ్ళు తుడుచుకున్నాడు. అది చూడనట్టు ఇద్దరూ వేరే వైపు తిరిగారు. అలా తిరగడంలో ఒకరికొకరు ఎదురుపడ్డారు. అతని నుదుటి మీద బొగ్గు మసి ఉంది. చెబుదామనుకుని ఆమె చెప్పలేదు.

చేను తేరుకుంది. కమిటీ వచ్చింది, చూసింది, ప్రాజెక్టును ఇంకో రెండేళ్ళు పొడిగించింది. షాపుకు ఫోన్లు ఆగిపోయాయి.

మిషన్లు బాగుపడితే సంతోషించాల్సిన వృత్తి భరత్‌ది. మూడు వారాలు ఫోన్ మోగినప్పుడల్లా ఎగిరి అందుకుని, అవతల ఎవరో ప్రింటర్ గురించి మాట్లాడుతుంటే విసుక్కున్నాడు. నాలుగో శనివారం షట్టర్ దించి బయల్దేరాడు.

"నేను ఫోన్ చేయలేదే," అంది సుంకమ్మ గుమ్మంలో చూసి.

"చేయలేదు. కార్డు ఎట్లుండాదో చూద్దామని."

"బాగుండాది."

"సెన్సార్లు?"

"బాగుండాయి."

"ఎర్తు?"

"నిన్ననే నీళ్ళు పోసినా. ఈ గదిలో నువ్వు చూసేదానికి ఇంకేం మిగల్లేదప్పా."

"మీరు మిగిలినారు," అన్నాడు.

అన్నాక మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బూట్ల లేసుల వైపు చూశాడు. సుంకమ్మ చాలాసేపు మౌస్ తీగను వేలికి చుట్టుకుంది.

"మీ ఇంట్లో తెలుసా?"

"తెలీదు."

"మాది సేద్యం కులం, మీది యాపారం. మీ నాయన ఊరుకుంటాడా? ముందు ఆడ చెప్పు. దొంగచాటు తిరిగేదానికి నాకు ఓపిక లేదు. చెప్పినాకనే రా."

"మరి మీకు..."

"ఇష్టం లేకపోతే ఇంత సేపు చెప్తానా?" అంది ఆమె చిరాగ్గా. కానీ ఆ చిరాకు మెడ దాకా ఎర్రబడింది.

అతను ఆ రాత్రే ఇంట్లో చెప్పాడు. రెండో రోజు ఫోన్ చేశాడు. "చెప్పినా. అమ్మ ఏడ్చింది. నాయన మాట్లాడటం మానేసినాడు. నేను మళ్ళా చెప్తా." వారం తర్వాత మళ్ళీ ఫోన్. "ఇంకా మాట్లాడలేదు. నేను చెప్తానే ఉండా." ఆమె "సరే" అని పెట్టేసేది. పెట్టేశాక కిటికీలోంచి హైవే వైపు చూసి, చూసినందుకు తనను తానే తిట్టుకునేది.

నవంబరు మొదట్లో దాసప్ప వేరుశనగ పీకించాడు. చుట్టుపక్కల అందరి పంటా ఎండిపోయిన ఆ ఏడాది, ఆయన ఎకరాలో ఎనిమిది బస్తాలు పండాయి. చూడటానికి ఊళ్ళ నుంచి రైతులు వస్తూనే ఉన్నారు. అలా ఒకరోజు మధ్యాహ్నం తెల్లపంచె, చంకలో సంచితో ఒక పెద్దాయన వచ్చి గది గుమ్మంలో నిలబడ్డాడు.

"కూర్చోండి పెద్దాయనా," అని సుంకమ్మ స్టూలు వేసి నీళ్ళిచ్చింది. పంట ఎలా దక్కిందో అందరికీ చెప్పినట్టే చెప్పింది.

"ఈ మిషన్ బాగు చేసిందెవరమ్మా?" అని అడిగాడాయన.

"అనంతపురంలో ఒకాయన. రెండు వారాలు తిప్పలు పెట్టినాడు. చెప్పింది వినడు. తనకే అంతా తెలుసనుకుంటాడు. బుద్ధి లేనోడు అనుకుంటి."

"మరి ఎట్లా బాగు చేసినాడు?"

"ఒకదినం వచ్చి కూర్చోని, తప్పు నాది అన్నాడు పెద్దాయనా. ఎవరూ అడగలేదు. తప్పించుకునేదానికి కార్డుండె, సెన్సార్లుండె, కరెంటోళ్ళుండ్రి. అయినా తన తప్పే అన్నాడు. ఆ పొద్దు నుంచే నాకు..." అని మాట మింగేసింది. "మగోళ్ళలో అట్లా చెప్పేటోళ్ళను నేను ఎక్కువ మందిని చూడలేదు."

పెద్దాయన ఖాళీ గ్లాసును చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"మా ఇంట్లో గూడా ఆ అలవాటు లేదమ్మా. నాకైతే అస్సలు లేదు," అన్నాడు చివరికి. "వానికి యాడనుంచి వచ్చిందో."

సుంకమ్మ లేచి నిలబడింది. ఆయన పోలికలు అప్పుడు కనిపించాయి.

"నేను నారాయణస్వామిని. భరత్ నాయనను. నెల దినాలుగా వాడు అన్నం ముందర కూర్చోని ఒకే మాట చెప్తాండాడు. ఆ పిల్ల ఎవరో చూసి, కాదని చెప్పి పోదామనే వచ్చినా."

"ముందే చెప్పాల్సింది కదా పెద్దాయనా. బుద్ధి లేనోడంటి."

"చెప్పింటే ఏమనేదానివి?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "అదే చెప్పేదాన్ని," అంది.

ఆయన నవ్వలేదు గానీ భుజాలు కదిలాయి. సంచిలోంచి అంగడి చీటీల పుస్తకం, పెన్ను తీశాడు. "మీ నాయన పేరేమి?"

"రామాంజనేయులు."

"ఊర్లో ఫోనుండాదా?"

"పక్కింట్లో ఉండాది. పిలిస్తే వస్తాడు." నంబరు చెబుతూ ఆమె రెండు అంకెలు తారుమారు చేసింది. ఆయన మళ్ళీ అడిగి, ఒక్కో అంకె చదివి సరిచూసుకుని, చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాటుతూ, "ఎండలో తిరగొద్దమ్మా," అని ఎందుకో చెప్పి వెళ్ళిపోయాడు.

ఆయన స్కూటర్ చప్పుడు హైవేలో కలిసిపోయేదాకా ఉండి, సుంకమ్మ ఫోన్ తీసింది.

"మీ నాయన వచ్చి పోయినాడు."

అవతల స్క్రూడ్రైవర్ కింద పడిన చప్పుడు. "ఏమన్నాడు?"

"మా నాయన నంబరు తీసుకున్నాడు."

లైన్లో గరగర తప్ప ఏమీ లేదు.

"భరత్," అంది ఆమె. అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "ఉండావా?"

"ఉండా. కుర్చీ వెతుక్కుంటాండా."

"నింపాదిగా కూర్చో," అంది సుంకమ్మ. "నేను ఫోన్ పెట్టనులే."